వాజిబు

తెలుగులో గడ్డమంటే రెండర్థాలు. నోటికి దిగువన ఉండే ముఖభాగమూ గడ్డమే, దానిమీద మొలిచే వెండ్రుకలూ గడ్డమే. సంస్కృతం చుబుకమనీ శ్మశ్రువనీ వేరువేరు పదాలు పెట్టుకొంది. మనవాళ్ళు నేలనూ పైరునూ ఒకే పేరుతో పిలిచి ఊరుకున్నారు. "గడ్డం పట్టుకొని బతిమాలాడు" అంటే ఏ గడ్డమని ఎవరూ అడగరు. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా బతికిన వాణ్ణి గనుక ఏ సంగతినైనా మాట దగ్గర మొదలుపెట్టడం నాకు అలవాటైపోయింది. ఈ టపా కూడా ఒక మాట గురించే. అయితే ఆ మాట గడ్డం కాదు.

1988లో నేను సదుం ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. పదో తరగతిలో ఒక ముస్లిం బాలుడుండేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, కాని పద్యం ఎత్తుకుంటే గణాలు తెలియకుండానే యతి దగ్గర ఆగేవాడు. చెవిలో ఛందస్సు పుట్టిన పిల్లవాడు. చిత్తూరులో పద్యపఠన పోటీ అంటే మరో ఆలోచన లేకుండా వాడి పేరే పంపాను. బయలుదేరే ముందురోజు చూస్తే వాడి ముఖాన లేతగడ్డం. కొన్ని వారాలుగా పెరుగుతూనే ఉన్నట్లుంది, నేనే గమనించలేదు. తరగతి అందరి ముందూ అన్నాను: "ఒరేయ్, తెలుగు పద్యం చదవబోయేవాడికి ఈ సాయిబు గడ్డమేమిటిరా? రేపు నున్నగా గీయించుకొని రా." పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మరునాడు వాడు గీయించుకొనే వచ్చాడు. పోటీలో రెండో బహుమతి తెచ్చాడు. ఆ వారం సంతనాటి సాయంకాలం వాడి తాత మా ఇంటికి వచ్చాడు. సంతల్లో గాజులమ్ముకొనే మనిషి, తెల్లని గడ్డానికి గోరింటాకు ఎరుపు. కూర్చోమన్నా కూర్చోలేదు. "అయ్యవారూ, మీరు చెప్పారని నేనే తీయించాను. చదువు చెప్పేవారి మాట తీసెయ్యరాదు. కాని అది మాకు వాజిబ్ అయ్యవారూ. ఇంకోసారి అట్లా చెప్పవద్దు" అన్నాడు. అంతే. నేను "అలాగే సాయిబు గారూ" అన్నాను.

నేను విన్నది వేరు. మా సీమలో "నీ మాట వాజబే", "వాజబీ ధర" అని వాడుక. వాజబీ అంటే న్యాయమైనది, సబబైనది. కచేరీ కాగితాల గుండా అరబ్బీ ఫారసీల నుంచి వచ్చి మన ఇళ్ళలో స్థిరపడిన మాట. ముసలాయన "గడ్డం ఉంచుకోవడం మాకు సబబు" అంటున్నాడని అనుకొన్నాను. సబబైతే ఉంచుకోండి, ఎవరు కాదన్నారు, నేనేమైనా ప్రాణం తీశానా అని లోలోపల కొంచెం విసుక్కొన్నాను కూడా. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో వాజిబ్ అంటే సబబు కాదనీ, విధి అనీ, చేయకపోతే దేవుని ఎదుట దోషమనీ నాకు తెలిసేసరికి ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆ మనిషి నన్ను బతిమాలలేదు. నేను వాడి చేత ఏం చేయించానో చెప్పి వెళ్ళాడు.

తెలియడానికి కారణం 2009లో పత్రికలలో వచ్చిన ఒక వార్త. మధ్యప్రదేశ్‌లోని సిరోంజిలో గడ్డం ఉంచుకొన్నందుకు పాఠశాల నుంచి తొలగించారని ఒక ముస్లిం విద్యార్థి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆ ఏడు మార్చిలో కోర్టు అతని అర్జీని కొట్టివేసింది. ఆ సందర్భంలో న్యాయమూర్తి మార్కండేయ కట్జూ తాలిబాన్ల ప్రస్తావన తెచ్చారు. దానిమీద దుమారం రేగింది. జూలైలో ఆయన విచారం వెలిబుచ్చారు, ఆ ఉత్తర్వును వెనక్కు తీసుకొన్నారు. ఆ వార్త చదువుతూ ఉంటే "సాయిబు గడ్డం" అన్న నా మాట నాకే వినిపించింది. న్యాయమూర్తి అయితే నలుగురూ నిలదీస్తారు. పల్లెటూరి పంతులును నిలదీసేవారెవరు?

వేలూరు బాఖియాతుస్సాలిహాత్ మదరసాలో చదువుకొన్న ఒక మౌల్వీ గారు పరిచయస్థులు. మా వైపు మసీదులలో ఆ చదువు చదివినవారు చాలామంది ఉన్నారు. ఆయనను పట్టుకొన్నాను. పాఠం చెప్పించుకొన్నాను అంటే సరిపోతుంది. కింద రాసేదానిలో శాస్త్రం ఆయనది, పోలికలు నావి.

మొదట నన్ను ఆశ్చర్యపరచినది ఇది: ఖురానులో గడ్డం పెంచమన్న ఆజ్ఞ లేదు. గడ్డం ప్రస్తావన వచ్చేది ఒకే ఒక్కచోట, తాహా సూరాలో. మూసా ప్రవక్త కొండ దిగి వచ్చి, జనం ఆవుదూడను కొలుస్తూ ఉండటం చూసి, ఆగ్రహంతో అన్న హారూనును పట్టుకొంటాడు. నా గడ్డమూ తలా పట్టుకోవద్దు తమ్ముడా అన్న అర్థం వచ్చేట్లు హారూను వేడుకొంటాడు. మన గడ్డం పట్టుకోవడం బతిమాలడానికి, అక్కడిది నిలదీయడానికి. పట్టుకోవడానికి వీలుగా గడ్డం ఉన్నదని తప్ప ఆ వాక్యం నుంచి విధి ఏదీ నేరుగా రాదు.

విధి వచ్చేది హదీసుల నుంచి, అంటే ప్రవక్త మాటలూ చేతలూ గురించిన ఉల్లేఖనాల నుంచి. బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు సంకలనకర్తలు ఇబ్న్ ఉమర్ ముఖతః నమోదు చేసిన ప్రసిద్ధమైన హదీసు ఒకటుంది. దాని సారాంశం, బహుదైవారాధకులకు భిన్నంగా ఉండండి, మీసాలు కత్తిరించండి, గడ్డాలు వదలండి అని. అబూ హురైరా చెప్పిన మరొకదానిలో బహుదైవారాధకుల స్థానంలో మజూసులు, అంటే పారశీకపు అగ్నిపూజకులు వస్తారు.

ఇక్కడినుంచి పండితుల పని మొదలైంది. "వదలండి" అన్నది క్రియ. తెలుగులో "చేయుము" అన్న రూపం చూడండి. అది ఆజ్ఞ కావచ్చు, ప్రార్థన కావచ్చు, ఆశీస్సూ కావచ్చు. "వర్ధిల్లుము" అంటే వర్ధిల్లకపోతే శిక్షిస్తామని కాదు గదా! వాళ్ళ శాస్త్రకారులూ ఇదే ప్రశ్న వేసుకొన్నారు. ఈ విధ్యర్థకం విధినే చెబుతుందా, మంచిదని సూచిస్తుందా? ఇంకొక ప్రశ్న: "వారికి భిన్నంగా" అని కారణం చెప్పారు గదా, ఆ వారే గడ్డాలు పెంచితే అప్పుడేమిటి? మీమాంస చదివినవారికి విధికీ అర్థవాదానికీ మధ్య జరిగే తగవు గుర్తుకు వస్తుంది. మౌల్వీ గారికి ఈ పోలిక చెబితే, మీకూ ఈ తలనొప్పి ఉందన్నమాట అని సంతోషించారు.

వాళ్ళ శాస్త్రంలో మనిషి చేసే పని మంచి చెడు అని రెండు గంపల్లో పడదు. మెట్లున్నాయి. తప్పక చేయవలసినది ఫర్జ్, వాజిబ్. చేస్తే పుణ్యం, మానితే పాపం లేనిది ముస్తహబ్. ఎటూ కానిది ముబాహ్. మానితే మేలైనది మక్రూహ్. చేయరానిది హరామ్. హనఫీలు మక్రూహును కూడా రెండుగా చీల్చి ఒకదాన్ని హరాముకు అంచున నిలబెడతారు. గడ్డం గీయడం ఈ మెట్లలో ఎక్కడ నిలుస్తుందన్నదే మొత్తం చర్చ. హనఫీ, మాలికీ, హన్బలీ శాఖల ప్రామాణిక గ్రంథాలు దాన్ని చేయరాని పని అంటాయి. షాఫియీ శాఖలో 13వ శతాబ్దపు దమాస్కసు పండితుడు నవవీ మొదలైన వారి మాట ప్రకారం అది మక్రూహ్. ఇటీవలి కాలంలో యూసుఫ్ ఖర్జావీ కూడా మక్రూహ్ అన్నదానికే మొగ్గారు. 1958 నుంచి 1963 వరకు కైరో అల్ అజ్‌హర్ పెద్దగా ఉన్న మహమూద్ షల్తూత్ ఇంకా ముందుకు వెళ్ళి, వేషభాషల వంటి విషయాలు దేశాచారాన్ని బట్టి ఉంటాయన్నారు. ఆయన మాటను ఒప్పుకోని పండితులు కొల్లలు.

పిడికెడు కొలత ఎక్కడిది? హదీసు చెప్పిన ఇబ్న్ ఉమరే హజ్జుకో ఉమ్రాకో వెళ్ళినప్పుడు గడ్డాన్ని పిడికిట పట్టి, పిడికిలి దిగిన దాన్ని కత్తిరించేవాడని బుఖారీలోనే ఉంది. చెప్పినవాడికన్నా ఆ మాట అర్థం ఎవరికి బాగా తెలుస్తుందన్నది హనఫీల వాదం. కాబట్టి పిడికెడు ఉండాలి, అంతకు తగ్గించరాదు, మించినదాన్ని కత్తిరించవచ్చు. రాయలసీమ ముస్లిములలో అత్యధికులు హనఫీలు. తమిళ తీరంలోని కాయల్‌పట్నం, కీళక్కరై వైపు షాఫియీలు. ఒకే రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ముస్లిములకు, ఒకే ముఖం మీది ఒకే నున్నదనానికి వేరువేరు లెక్కలన్నమాట. అలాగని హనఫీలందరూ పిడికెడు పెంచారా? మా ఊళ్ళ మసీదులకు శుక్రవారం వెళ్ళి చూడండి. ముందు నిలబడే ఇమాముకు పిడికెడు ఉండవలసిందే. అంతకన్న తక్కువైతే అతని వెనుక నమాజు మక్రూహ్ అని మన దేశపు ముఫ్తీలు ఫత్వాలిచ్చి ఉన్నారు. వెనుక వరుసలలో మాత్రం సగానికి సగం నున్నని ముఖాలే. ఇమాము గడ్డాన్ని కొలిచేది ఆ నున్నని ముఖాలవారే!

ధర్మశాస్త్రమంటే మొగము చిట్లించుకొన్న మనిషి అనుకొనేవారు గజాలీని చదవాలి. 1111లో గతించిన ఈ మహాపండితుడు గడ్డం విషయంలో నింద్యమైన పనులు కొన్ని ఏకరువు పెట్టాడు. పడుచువాడిలా కనిపించడానికి నల్లరంగు వేయడం వాటిలో ఒకటి. అది ఊహించదగినదే. పెద్దమనిషిగా గౌరవం దక్కాలని గంధకం పట్టించి తెల్లగా చేసుకోవడం ఇంకొకటి. విరాగిగా పేరు రావాలని దువ్వకుండా చింపిరిగా వదలడమూ తప్పే. అంటే గడ్డం ఉన్నంత మాత్రాన గజాలీ ఎవరినీ ఊరికే వదలలేదు. ఎందుకోసమని అడిగాడు. (మన సాహిత్యసభలలో వేదిక నెక్కే కొన్ని గడ్డాలు నాకు ఇక్కడ జ్ఞాపకం వచ్చాయి. పేర్లు చెప్పను.)

గడ్డానికి వెల కూడా ఉంది. 12వ శతాబ్దంలో మర్గీనానీ రచించిన హిదాయా హనఫీ న్యాయానికి ప్రధాన గ్రంథం. ఒకడు మరొకడి గడ్డాన్ని మళ్ళీ మొలవకుండా పోయేట్లు గీసివేస్తే పూర్తి దియత్ చెల్లించాలని అందులో ఉంది. దియత్ అంటే మనిషి ప్రాణానికి పరిహారం, లెక్కకు నూరు ఒంటెలు. షాఫియీ, మాలికీ న్యాయాలలో అంత లేదు, న్యాయాధికారి నిర్ణయించినంత. హనఫీలు మాత్రం పురుషుని ముఖశోభ పూర్తిగా పోయింది గనుక ప్రాణంతో సమానమన్నారు. నేను గీయించినది మళ్ళీ మొలిచింది గనుక నూరు ఒంటెల బాధ నాకు తప్పింది.

ఈ హిదాయాను ఛార్లెస్ హామిల్టన్ ఇంగ్లీషు చేశాడు, 1791లో అచ్చయింది. ఎవరికోసం? ఈస్టిండియా కంపెనీ కోర్టుల కోసం. కంపెనీ తన క్రిమినల్ కోర్టులలో ఇస్లామీయ న్యాయాన్నే సవరణలతో నడిపింది. మద్రాసు రాజధానిలో కూడా 1802 నాటి రెగ్యులేషన్ల ప్రకారం కోర్టులలో ముస్లిం న్యాయాధికారులుండి, వాళ్ళ ఫత్వా మీదనే శిక్షలు నిర్ణయమయ్యేవి. ఈ సంవత్సరం గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తాను.

గడ్డాన్ని ఏలినవారు కూడా కొలవబోయిన రోజులున్నాయి. ఔరంగజేబు కాలంలో ఏ ముస్లిమూ నాలుగువేళ్ళకు మించిన గడ్డం ఉంచరాదని ఆజ్ఞ వెలువడిందనీ, ఉద్యోగులు వీథులలో నిలబడి కొలిచి, మించినది కత్తిరించేవారనీ, పెదవుల మీదికి దిగిన మీసాలను కూడా తెగగోసేవారనీ ఇటలీ దేశస్థుడు మనూచీ రాశాడు. ఈయన చివరి దశ మద్రాసులో గడిపాడు. వెటకారం పాలు కలిపే రచయిత గనుక ఎంత నమ్మాలో చదువరులే తేల్చుకోవాలి. నాకు నచ్చినదేమంటే, అక్కడ నేరం గడ్డం లేకపోవడం కాదు, ఎక్కువ కావడం. అదే వంశంలో అక్బరు గడ్డం తీయించాడు, జహంగీరు చిత్రాలలో మీసం మాత్రమే కనబడుతుంది.

మా ప్రాంతపు సుల్తానుల సంగతి ఇంకా విచిత్రం. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరు 7న విడిదిలో ప్రాణం వదిలిన హైదరలీకి గడ్డమూ లేదు, మీసమూ లేదు. దగ్గరినుంచి చూసిన ఐరోపావాళ్ళు, ఇది తూర్పుదేశాల ఆచారానికి విరుద్ధంగా ఉందే అని ప్రత్యేకించి రాశారు. కనుబొమలు కూడా గీయించుకొనేవాడని చెప్పినవారున్నారు. మదనపల్లెకు ఉత్తరాన గుర్రంకొండ కోట హైదరు బావమరిది మీర్ అలీ రజా ఖాను ఏలుబడిలో ఉండింది. ఇప్పటికీ ఆయన సమాధి మందిరాన్ని జనం మక్బరా అనే పిలుస్తారు. అలాంటి చుట్టరికం ఉన్నచోటికి హైదరు నున్నని ముఖంతోనే వచ్చి ఉంటాడు గదా! ఆయన కుమారుడు టిప్పు మతనిష్ఠ గలవాడు, అయినా చిత్రాలలో మీసం తప్ప గడ్డం లేదు. వీళ్ళను ముస్లిములు కారని ఎవరైనా అన్నారా? ఏ ఫత్వా అయినా వాళ్ళ సింహాసనాన్ని కదిపిందా? వాజిబును వదిలినవాడు దోషి కావచ్చు, మతం బయటివాడు కాడు. ఆ లెక్క అతనికీ అతని దేవుడికీ మధ్యది. మెట్లు పెట్టుకొన్నందుకు ప్రయోజనం ఇదే అనుకొంటాను.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు మరణించాక ఆయన కొడుకులను వేలూరు కోటలో ఉంచారు. ఇప్పుడు చిత్తూరు నుంచి బస్సెక్కితే గంట ప్రయాణం. ఆ కోటలోనే గడ్డం మాట కోర్టును దాటి యుద్ధానికి వెళ్ళింది.

మద్రాసు సైన్యానికి అప్పటి సర్వసేనాని సర్ జాన్ క్రాడక్. సిపాయీలందరూ ఒక్క తీరుగా కనబడాలని ఆయన పట్టుదల. 1805 నవంబరులో కొత్త రకం తలపాగా వచ్చింది. దేశీయుల కంటికి అది దొరటోపీలా కనబడింది. దానికి తోలు తురాయి ఒకటి. 1806 మార్చిలో వెలువడిన సైనిక నిబంధనావళిలో పదో పేరా ఇంకొంత చెప్పింది. యూనిఫారంలో ఉన్న సిపాయీ ముఖాన కులాన్ని తెలిపే గుర్తు పెట్టరాదు, చెవులకు పోగులుండరాదు, కవాతులలోనూ విధులలోనూ గడ్డం నున్నగా గీసి ఉండాలి, మీసాలు వీలైనంతలో ఒకే కొలతకూ ఒకే ఆకృతికీ తేవాలి. ఒక్క పేరాలో వైష్ణవుని నామమూ, శైవుని విభూతీ, ముస్లిము గడ్డమూ కొట్టుకొనిపోయాయి. ఈ పేరాను తాము ప్రత్యేకించి గమనించలేదని గవర్నరు విలియం బెంటింకు పక్షం తరువాత చెప్పుకొంది. పాత అలవాట్లను గుదిగుచ్చిన పుస్తకమని నమ్మి సంతకం పెట్టారట.

ఇక్కడ 1802ను గుర్తు చేసుకోండి. దొంగకు శిక్ష వేయాలన్నా ముఫ్తీని పిలిచి మీ శాస్త్రమేమంటుందని అడిగిన కంపెనీయే, నాలుగేళ్ళు తిరగకుండా, వేలమంది ముఖాలకు మంగలికత్తి పెట్టేముందు ఒక్కరినీ అడగలేదు. ఆ దొరల అలమారులో హిదాయా ఇంగ్లీషులోనే ఉంది! తీసి చూస్తే గడ్డం వెల నూరు ఒంటెలని తెలిసేది.

ఆ మే నెలలో వేలూరులో ఉన్న 4వ రెజిమెంటు రెండో పటాలం తలపాగా పెట్టుకోబోమంది. 21 మందిని విచారణకు పంపారు. వారిలో పదిమంది ముస్లిములు, పదకొండుమంది హిందువులు. ఒక ముస్లిముకూ ఒక హిందువుకూ చెరి తొమ్మిదివందల కొరడా దెబ్బలు పడ్డాయి. తక్కిన పందొమ్మిదిమందికి వేసిన అయిదేసివందల దెబ్బలు క్షమాపణ చెప్పించుకొని మాఫీ చేశారు. ఆ లెక్క చూడండి, దాదాపు సరిసమానం. బొట్టు పోయినవాడూ గడ్డం పోయినవాడూ ఒకే తాటికి కట్టబడ్డారు.

జూలై 10 తెల్లవారుజామున కోటలోని సిపాయీలు లేచారు. నిద్రలో ఉన్న 69వ రెజిమెంటు దొరసైన్యం మీద కాల్పులు జరిపారు. కోటాధిపతి కర్నల్ ఫాన్‌కోర్టు చనిపోయాడు. చనిపోయినవారూ గాయపడినవారూ కలిసి ఐరోపావాళ్ళు ఇంచుమించు ఇన్నూరు. కోట మీద మైసూరు జెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చి ద్వారాలు బద్దలు కొట్టించాడు. ఆ తరువాత కోటలో చచ్చిన సిపాయీలు వందలు. తిరుగుబాటు ఒక్కరోజులో ముగిసింది. టిప్పు కొడుకుల కుట్ర ఎంత, గడ్డం తలపాగాల పాలు ఎంత అని చరిత్రకారులు నేటికీ వాదించుకొంటారు. తక్కువ జీతాలూ, దేశం పోగొట్టుకొన్న కడుపుమంటా కూడా లేకపోలేదు. కాని హైదరాబాదు దండులో కూడా ఇదే కలవరం పుట్టినప్పుడు అక్కడి సేనాధిపతి మాంట్రెసర్ ముందుగా చేసిన పని ఆ ఉత్తర్వులను రద్దు చేయడం. అక్కడ కత్తి లేవలేదు. 1807లో బెంటింకునూ క్రాడకునూ లండను వెనక్కు పిలిపించింది.

హైదరలీ గడ్డం తనంత తాను తీయించుకొంటే ఎవరికీ పట్టలేదు. ఆయన కొడుకు కొలువులో ఉండి, తరువాత కంపెనీలో చేరిన సామాన్య సిపాయీల గడ్డాన్ని పై అధికారి తీయమంటే కోట తగలబడింది. గడ్డం అదే, శాస్త్రమూ అదే. తీయించినది ఎవరన్నదే తేడా.

ఇక మన కాలం. వాయుసేనలో పనిచేసిన ఒక కార్పొరల్ గడ్డం ఉంచుకొంటానన్నందుకు 2008లో ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు అతని అపీలును తోసిపుచ్చింది. వాయుసేన 1964 నాటి నిబంధనలలో 425వది, తమ మతం వెండ్రుకలు కత్తిరించడాన్నీ ముఖక్షౌరాన్నీ నిషేధించినవారికి మినహాయింపు ఇస్తుంది. సిక్కులు దానికింద వస్తారు. ఇస్లాంలో అలాంటి నిషేధం ఉన్నదా అని ధర్మాసనం అడిగింది. వ్యాఖ్యానాలు పలువిధాలు, వాటిలో ఒకటి గడ్డం ఉంచుకోవడం అభిలషణీయమంటుందని సీనియర్ న్యాయవాది సల్మాన్ ఖుర్షీద్ చెప్పారు. అభిలషణీయమంటే ముస్తహబ్. నిషేధం నిరూపితం కాలేదని కోర్టు తేల్చింది. సాయుధ దళాలకు ఏకరూపత అవసరమన్నది కూడా ఆ తీర్పులో భాగం. అది తోసివేయదగిన మాట అని నేననను.

తీర్పు సారాంశం మౌల్వీ గారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "షాఫియీ లెక్కన వకీలు గారు చెప్పింది కూడా ఒక మాటే. మా హనఫీ కితాబు తెరిస్తే గీయడం నిషేధమనే ఉంది. ఆ పిల్లవాడు ఏ కితాబును నమ్మాడో ఎవరైనా అడిగారా?" అన్నారు. కోర్టుకు కావలసినది ఉందా లేదా అన్న ఒక్క జవాబు. శాస్త్రం ఇవ్వగలిగినది మెట్ల వరుస. ఆ మెట్లలో తానెక్కడ నిలబడ్డాడో చెప్పవలసినది నమ్మినవాడు. అతని గొంతు ఆ ఒక్క జవాబులో మిగలదు.

దీనికి ముందటి ఏడాదే, 2015 జనవరిలో, అమెరికా సుప్రీంకోర్టు ఇంకొక దారి తొక్కింది. ఆర్కాన్సా రాష్ట్రపు జైలులో ఒక ముస్లిం ఖైదీ, నాకు గడ్డం అసలు కత్తిరించరాదన్నది నమ్మకం, అయినా రాజీగా అరంగుళం చాలునన్నాడు. అరంగుళపు గడ్డంలో ఏవేవో దాచుకోవచ్చన్నది జైలువారి భయం. న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఖైదీ పక్షాన నిలిచారు. ముస్లిములందరూ అలా నమ్ముతారా అన్నది ప్రశ్న కాదు, ఇతను నిజాయితీగా నమ్ముతున్నాడా అన్నదే ప్రశ్న అన్నారు. అక్కడ దీనికోసమే ఒక చట్టముంది, జైలూ వాయుసేనా ఒకటి కావు. అయినా వకీలును అడగడానికీ, నమ్మినవాణ్ణి అడగడానికీ మధ్య దూరం కనిపిస్తూనే ఉంది.

2024 జూలైలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందుకు ఒక పోలీసు కానిస్టేబులు వచ్చాడు. మక్కాయాత్ర చేసి గడ్డంతో తిరిగి వచ్చినవాడు. ఇంక్రిమెంట్లు ఆపే శిక్ష వేశారు. 1957 నాటి మద్రాసు పోలీసు గెజెట్టులోనే ముస్లిం పోలీసులకు చక్కగా ఉంచుకొన్న గడ్డానికి అనుమతి ఉందని కోర్టు ఎత్తిచూపి, శిక్షను పక్కనపెట్టి మళ్ళీ విచారించమంది. ఎవరో గుమాస్తా దాదాపు డెబ్బై ఏళ్ళ కిందట రాసిపెట్టిన నాలుగు పంక్తులు ఒక మనిషి జీతాన్ని కాపాడాయి. అప్పటికి మా చిత్తూరు మద్రాసు నుంచి విడిపోయి నాలుగేళ్ళయింది.

నేను 1988లో ఏ గెజెట్టూ చూడలేదు. మా పాఠశాలకు గడ్డం గురించి నిబంధనంటూ ఏదీ లేదు, పైనుంచి ఎవరూ చెప్పలేదు. క్రాడకుకు కనీసం ఒక పదో పేరా ఉంది.

ఆ విద్యార్థికి ఇప్పుడు యాభై దాటాయి. పుంగనూరులో మోటారు విడిభాగాల దుకాణం. తాత పోయి చాలా కాలమైంది. గడ్డం ఉంది, పిడికెడు లేదు, పొట్టిగా కత్తిరించి ఉంటుంది. కిందటి సంక్రాంతికి ముందు వెళ్ళినప్పుడు ఆనాటి సంగతి ఎత్తి, తప్పు చేశానయ్యా అన్నాను. "ఏది సార్, పద్యం రోజా? రెండో బహుమతి వచ్చింది కదా" అని టీ తెప్పించాడు. పద్యం గుర్తుందా అని అడిగాను. రెండు పాదాలు చదివాడు, యతి దగ్గర సరిగ్గా ఆగాడు. మూడోదానికి గిరాకీ వచ్చింది.

బహుమతి అందుకొంటున్నప్పటి ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. ముఖం నున్నగా ఉంది, దవడ కింద కత్తి గాటు ఒకటి చిన్న గీతలా పడింది. అతనికి ఇద్దామని ఆ రోజు సంచిలో పెట్టుకొనే వెళ్ళాను. తీయకుండానే తిరిగి వచ్చాను.